గుట్ట మీద ఉపగ్రహాల హాజరు

ఆలేరుకు ఆరు కోసుల దూరంలోని ఒక గుట్ట మీద 1965లో సైనిక ఉపగ్రహాల నియంత్రణ కేంద్రం దిగ్విజయంగా ప్రారంభమైందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. అప్పటికి దేశానికి ఉపగ్రహాలు లేవు. అది వేరే శాఖ పని. అందుకే కేంద్రంలో మొదటి ఏడాదంతా ఒక్క పొరపాటూ జరగలేదు. ఇన్‌చార్జి ఐలేశం రోజూ ఉదయం పదింటికి ఆకాశంలోకి "కుడికి తిరుగుము" అని ఆజ్ఞ పంపేవాడు. ధిక్కరించిన ఉపగ్రహం ఒక్కటీ లేదు.

గొర్లకాపరి గుర్వయ్యకు మాత్రం ఈ ప్రగతితో కాస్త ఇరుకైంది. తాతల నాటి నుంచి వాళ్ల జీవాలు మేసేది ఆ గుట్ట మీదే. ఎండాకాలంలో నాలుగు గడ్డిపరకలు, ఇన్ని నీళ్లు దొరికేదీ అక్కడే. ఐలేశం మంచివాడు కనుక చూసీచూడనట్టు ఉండేవాడు. సాయంత్రం మందను దించే ముందు గుర్వయ్య ఒక్కొక్కదాని వీపు తట్టి లెక్కపెట్టి, గుట్ట కింద గుడిసెలో ఉన్న పెళ్లాం బీరమ్మకు వినబడేలా కేకేసేవాడు.

"నలబై మూడు! అన్నీ ఉన్నయే!"

ఐలేశానికి ఒక రిజిస్టరుతో పెద్ద తలనొప్పి. "సాయంత్రం నియంత్రణలో ఉన్నవి" అన్న గడిలో సున్నా వేస్తే, సున్నా ఎందుకు వచ్చిందో వివరించమని ఢిల్లీ నుంచి ఉత్తరం వచ్చేది. వివరిస్తే, ఆ వివరణకు వివరణ అడిగేవారు. ఒకనాడు విసిగిపోయి కలం పట్టుకుని కూర్చున్నవాడికి గుర్వయ్య కేక వినబడింది. ఆ గుట్ట మీద మనిషి మాట వినేవంటూ ఉంటే అవే కదా! గడిలో 43 వేశాడు.

ఉత్తరాలు ఆగిపోయాయి, అభినందనలు మొదలయ్యాయి. రెండు గొర్రెలు ఈనితే "స్వదేశీ పరిజ్ఞానంతో రెండు అదనం" అని ఢిల్లీ మెచ్చుకుంది. తోడేలు ఒకదాన్ని ఎత్తుకుపోతే శత్రుదేశ హస్తం మీద కమిటీ వేసింది. ఇంత చక్కగా పనిచేసే కేంద్రాన్ని ఆధునీకరించకపోతే ఎట్లా? మూడు లారీల సామాను దిగింది. ఆధునీకరణలో తొలి మెట్టుగా, జంతువులు చొరబడకుండా గుట్ట చుట్టూ ముళ్లకంచె వేశారు.

జీవాలు కంచె బయట నిలబడి అరుస్తుంటే గుర్వయ్య ప్రాణం విలవిల్లాడింది. నేరుగా ఐలేశం దగ్గరికి పోయాడు.

"సారూ, గుట్ట ఎక్కనియ్యకుంటే జీవాలు బతకయి. అంగడికి తోలి అమ్ముకుంట."

"ఎన్ని?"

"అన్నీ."

"అన్నీ అమ్మితే దేశం ఏం గావాలె గుర్వయ్యా!" అని ఐలేశం కూలబడ్డాడు. రిజిస్టరు తెరిచి, సిగ్గుపడుతూ జరిగిందంతా చెప్పాడు. మరునాడే ఢిల్లీ నుంచి పెద్ద అధికారి తనిఖీకి వస్తున్నాడు.

గుర్వయ్య గడ్డం గోక్కున్నాడు. "జర ఫికర్ చెయ్యకు సారూ. రానియ్యి."

పెద్ద అధికారి వచ్చాడు, దండ వేయించుకున్నాడు, ప్రసంగించాడు. "ఈ కంచెను తలచుకుని శత్రువు నిద్రపోవడం లేదు! మన నలభై నాలుగు ఉపగ్రహాలూ మన కనుసన్నల్లో మెలుగుతున్నాయి! ఏదీ, ఒక ఆజ్ఞ ఇచ్చి చూపించండి!"

ఐలేశం గుర్వయ్య వైపు చూశాడు. గుర్వయ్య రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేశాడు. వాగు పక్క నుంచి మంద మొత్తం పరుగెత్తుకొచ్చి కంచె పొడుగునా నిలబడింది.

"లెక్కవెట్టుకో సారూ."

అధికారి రెండుసార్లు లెక్కపెట్టాడు. నలభై నాలుగు. రిజిస్టరు చూశాడు. నలభై నాలుగు. కిందటి ఏడు ఆయనకు ప్రమోషన్ వచ్చింది ఆ రిజిస్టరు మీదే. కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

"భేష్! క్రమశిక్షణ బాగుంది" అన్నాడు. ఉపగ్రహాల రాకపోకల కోసం కంచెకు వెంటనే గేటు పెట్టాలని ఉత్తర్వు రాసి సంతకం చేశాడు. గుర్వయ్య కడుపు నిండిపోయింది. ఆ సాయంత్రమే జీవాలు గుట్టెక్కాయి.

పరమ రహస్యం కనుక ఉపగ్రహాల సంగతి నాలుగో రోజుకే పత్రికల్లో పడింది. మునిమాపు వేళ ఊళ్లలో జనం మంచాలెక్కి, పట్నంలో జనం మేడలెక్కి ఆకాశం చూశారు. కళ్లారా చూశామని చాలామంది చెప్పారు. నలభై నాలుగూ ఉన్నాయని లెక్క తెలిసినవాళ్లు ధ్రువీకరించారు.

"నాకొక్కటి గూడ కనవడ్తలేదయ్యా" అంది బీరమ్మ, చెయ్యి నొసటికి అడ్డం పెట్టుకుని.

"గట్ల అనకే! గింత మంది సదువుకున్నోళ్లకు కనవడ్డయట" అన్నాడు గుర్వయ్య, ఆఖరి గొర్రె వీపు తడుతూ.

ఇంతకీ, ఆ సాయంత్రం మీరూ మేడ మీదే ఉన్నారు కదా. ఎన్ని కనబడ్డాయి?