పెద్దాయనకు కొత్త ఆయిలు

ప్రతి ఇంట్లోనూ ఒక పాత డీజిల్ ట్రక్కు, దానికి ఇంజన్ ఆయిలు ఎలా మార్చాలో వీడియోల్లో చూసి నేర్చుకున్న బావమరిది ఒకడు తప్పనిసరిగా ఉండాలని చట్టం తేవాలి. నేను నవ్వులాటకు అనడం లేదు. ఈ రెండూ లేని ఇళ్ళను చూస్తే నాకు నిజంగా జాలేస్తుంది. ఆ ఇళ్ళలో ఆదివారాలు ఎలా గడుస్తాయి? హాయిగా నిద్రపోతారు కాబోలు, పాపం!

మా ఇంట్లో ఆ కరువు లేదు. మా ఆవిడకు వడ్రంగి షెడ్డు ఉంది. బల్లలూ బీరువాలూ చేయించి అమ్ముతుంది. వాటిని చేరవేయడానికి ఒక ముసలి ట్రక్కు ఉంది. దాన్ని మేమంతా పెద్దాయన అంటాం. పొద్దున్నే దగ్గి, పొగ వదిలి, వీధి వీధంతా లేపితే గానీ కదలడు కాబట్టి ఆ మర్యాద. పెద్దాయనకు ఆయిలు మార్పించాలని మా ఆవిడ అన్నదో లేదో, ఆమె తమ్ముడు టూల్ బాక్సుతో దిగిపోయాడు.

"మెకానిక్కు దేనికక్కా? వీడియో చూసి నేనే చేసేస్తా," అన్నాడు.

ఆ రోజు సంగతి మీకు చెప్పాలి. ఊరి చివర కొత్తగా తెరుస్తున్న బడికి సాయంత్రంలోగా బల్లలు చేరాలి. మర్నాడు పిల్లలొచ్చి వాటి మీదే కూర్చోవాలి. షెడ్డుకు వచ్చిన మొదటి పెద్ద ఆర్డరు అది. ఆలస్యమైతే ఇంకెక్కడైనా తెప్పించుకుంటానని హెడ్మిస్ట్రెస్ ముందే చెప్పింది. బల్లలు వార్నిష్ ఆరి, షెడ్డు ముందు బుద్ధిగా వరుసలో నిలబడి ఉన్నాయి.

ఇక లాభాలు వినండి. మొదటిది వ్యాయామం. వీడియోలో ఆయన బండి కింద పడుకుని, పాత ఆయిలు కార్చే బోల్టును రెండు వేళ్ళతో తిప్పితే వచ్చేసింది. మావాడు స్పానరుకు పైపు తొడిగి, కాళ్ళు చక్రానికి తన్నిపెట్టి లాగాడు. పెద్దాయన ఉలకలేదు, పలకలేదు. చివరికి ఉన్నట్టుండి బోల్టు ఊడింది. వేడి వేడి ఆయిలు మేం బట్టలు నానబెట్టుకునే బేసిన్లోకి దూకింది. వెనకాలే బోల్టూ దూకింది. మావాడు మోచేతి దాకా ముంచి దాన్ని వెతికాడు.

"వీడియోలో ఇలా పడలేదే," అన్నాడు.

సిమెంటు గచ్చు మీద ఇప్పుడొక నల్లటి మరక ఉంది. ఎంత తోమినా పోదు. వచ్చిన చుట్టాలకు చూపించడానికి మాకంటూ ఏదో ఒకటి ఉండొద్దా?

రెండో లాభం, ఇంట్లో ప్రేమలు బయటపడతాయి. "చెయ్యి కాలలేదు కదరా నాన్నా?" అంటూ మా ఆవిడ పరుగెత్తుకొచ్చింది. ఆ మధ్య నేను గోడకు మేకు కొడుతూ బొటనవేలు చితక్కొట్టుకున్నప్పుడు కూడా పరుగెత్తుకొచ్చింది. వచ్చి ముందు గోడ చూసింది.

ఫిల్టరు మార్చాడు. బోల్టు బిగించాడు. తేనె రంగులో మెరుస్తున్న కొత్త ఆయిలు పోశాడు. ఇంజన్ కాసేపు తిప్పి ఆపాడు. ఆయిలు ఎంతుందో చూసే సన్నటి పుల్ల, అదే డిప్‌స్టిక్, బయటికి లాగాడు. కొస కాటుకలా నల్లగా ఉంది.

"మోసం. షాపువాడు వాడేసిన ఆయిలు అంటగట్టాడు," అన్నాడు మావాడు.

"అది కాదోయ్..." అన్నాను నేను.

"ఏవండీ, మీరు కాస్త ఉండండి. వాడు చూస్తున్నాడు కదా," అంది మా ఆవిడ.

ఉన్నాను. పోసిన ఆయిలంతా మళ్ళీ బేసిన్లోకి వదిలేశాడు. షాపుకెళ్ళి గొడవపెట్టుకుని ఇంకో డబ్బా తెచ్చాడు. ఈలోగా మూడో లాభం మొదలైంది. బానెట్టు ఎత్తితే చాలు, వీధిలో పెళ్ళిపిలుపు అందినట్టు జనం వస్తారు. ఎన్నాళ్ళుగానో పలకరించుకోని ఎదురింటి మాస్టారూ, పక్కింటి టైలరూ ఒకే ఇంజన్‌లోకి తలలు దూర్చారు. పాత ఆయిలు పూర్తిగా కారలేదేమో, బండిని ఒక పక్కకు వంచండి అన్నాడు టైలరు. ఎలా వంచాలో మాత్రం చెప్పలేదు, ప్యాంటు అంచు మడవడమైతే చెప్పేవాడేమో.

రెండో డబ్బా పోశారు. ఇంజన్ తిప్పారు. పుల్ల లాగారు. మళ్ళీ నలుపే.

"అయితే ఫిల్టరు నకిలీది," అన్నాడు మావాడు.

"అసలు సంగతేమిటంటే..." అన్నాను.

"బావా, మీకు వీటి గురించి తెలీదు. మీరెళ్ళి హాయిగా మీ కథలు రాసుకోండి," అన్నాడు ఎంతో ప్రేమగా.

పొద్దు వాలుతోంది. మా ఆవిడ ఓసారి రోడ్డు వైపు, ఓసారి బల్లల వైపు చూస్తోంది. తుడిచిన బల్లనే మళ్ళీ తుడుస్తోంది. పిల్లలకు గుచ్చుకోకూడదని ఆ అంచులన్నీ తనే కూర్చుని గరుకు కాగితంతో రుద్దింది. ఆమె ముఖం చూస్తే, లాభాలన్నీ పక్కనపెట్టి, నాకు బాధేసింది.

బావమరిది మళ్ళీ బోల్టు మీద చెయ్యి వేయబోతూ, ధైర్యం కోసం ఇంకో వీడియో పెట్టాడు. పెట్టి ఆగిపోయాడు.

"అక్కా, దొరికింది. డీజిల్ ఇంజన్‌లో మసి ఉంటుందట. ఎంత కార్చినా కాస్త పాత ఆయిలు లోపలే మిగులుతుందట. కొత్తది పోసి తిప్పగానే నల్లబడిపోతుందట. నల్లబడితే మసిని పట్టుకుని పనిచేస్తున్నట్టేనట."

"చూశారా, ఎంత కష్టపడి కనిపెట్టాడో," అంది మా ఆవిడ నా వైపు తిరిగి. మాస్టారు వాడి భుజం తట్టారు.

బల్లలు ట్రక్కు ఎక్కించే పని నాకిచ్చారు. దానికి వీడియో అక్కర్లేదట. పెద్దాయన దగ్గుకుంటూ బడి చేరేసరికి వాచ్‌మన్ చేతిలో తాళం ఉంది, గేటు ఇంకా తెరిచే ఉంది. బల్లలు దిగాయి. మా ఆవిడ నవ్వింది. అది చాలు నాకు.

ఇంతకీ నేను చెప్పబోయిందేమిటో ఇంట్లో ఎవరూ అడగలేదు. మీరూ అడగలేదు, గమనించాను. మా చిన్నాన్న ఒంట్లో ఓపికున్నంతకాలం లారీ నడిపాడు. కొత్త ఆయిలు నల్లబడితే కంగారుపడకు, డీజిల్ బండి అంతే అని భోజనాల దగ్గర కూడా చెప్పేవాడు. ఆ ఒక్క ముక్క చెబుదామనే నోరు తెరిచాను. కానీ నేను ఫోన్లోంచి కాక కుర్చీలోంచి మాట్లాడాను. నాదే పొరపాటు.

అందుకే నేనూ ఒక వీడియో తీశాను. ముఖానికి తువ్వాలు చుట్టుకుని, గొంతు మార్చి, చేతిలో స్పానరు పట్టుకుని. "పాత డీజిల్ బండికి ఆయిలు మార్చేముందు ఇంట్లో బావగారు ఏదన్నా చెప్పబోతే, ఆయన్ని మాట పూర్తి చేయనివ్వండి" అన్నాను. అంతే, ఇంకేం లేదు. తీసుకెళ్ళి నెట్లో పెట్టేశాను.

నిన్న మా ఆవిడ దాన్ని రెండోసారి పెట్టుకుని చూసింది.

"ఎవరో గానీ ఎంత బాగా చెప్పాడండీ," అంది. "మీరూ ఉన్నారు."