నిఖిల మోకాలికి ఏమైంది?

ఆ గురువారం మార్తాకు సెలవు. సెలవంటే ఆమె లెక్కలో పని లేని రోజు కాదు, వారం పొడుగునా వాయిదా వేసిన పనులన్నీ మీద పడే రోజు. పొద్దున్నే లేచి మూడు పనులు అనుకుంది. బట్టలు మిషన్లో వెయ్యాలి. ఆదివారం చర్చి భోజనాలకు పచ్చడి కలపాలి. మధ్యాహ్నం పన్నెండు లోపల కూతురి తరఫున ఒక ఫారం నింపి పంపెయ్యాలి. మొదటి రెండే కష్టం, మూడోది ఐదు నిమిషాల్లో అయిపోతుందనుకుంది. పాపం, నిజంగానే అలా అనుకుంది.

కూతురు నిఖిల డబ్లిన్లో ఒక యూనివర్సిటీలో బయోకెమిస్ట్రీ రెండో సంవత్సరం చదువుతోంది. వారమంతా అక్కడే ఉంటుంది, శుక్రవారం సాయంత్రం రైలెక్కి అత్లోన్‌లోని ఇంటికి వస్తుంది. మార్కులకేం, దివ్యంగా వస్తాయి. నోరే పెగలదు. ల్యాబ్‌లో ఇరవై నాలుగు మంది ఉంటే తెల్లగా లేనిది తనొక్కతే. మధ్యాహ్నం ఎవరి బల్ల దగ్గరా కూర్చోదు. బాక్సు పట్టుకుని మెట్ల కింద నిలబడి, అమ్మకు ఫోన్ చేస్తూ తింటుంది. ఎలా ఉన్నావే అంటే "ఐ యామ్ గ్రాండ్, మామ్" అంటుంది. ఐర్లండులో గ్రాండ్ అంటే బాగున్నానని అర్థం, బాగోలేననీ అర్థమే, ఇక అడగొద్దనీ అర్థమే.

పోయిన వారం మాత్రం కొత్త మాట అంది. "చదువు మానేస్తాను మామ్. అత్లోన్ వచ్చేసి నీతోపాటు నర్సింగ్ హోమ్‌లో పనిచేస్తా."

పదకొండేళ్ళుగా ఆ వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళను లేపడం, కడగడం, తినిపించడం మార్తా పని. ఆ పనంటే ఆమెకు చిన్నచూపు లేదు, చేసే తీరులో వంక పెట్టేవాళ్ళూ లేరు. కానీ పిల్ల ఇష్టపడి వస్తాననడం లేదు, ఒంటరితనానికి జడిసి వస్తానంటోంది. అదే ఆమెకు ముద్ద దిగకుండా చేసింది.

ఆ శనివారమే నిఖిల సంచి దులుపుతుంటే నలిపి పడేసిన కాగితం ఒకటి దొరికింది. తెల్లవాళ్ళు కాని విద్యార్థుల కోసం యూనివర్సిటీ నడిపే పథకమట. పేరు 'మెహల్'. కోతల కాలంలో ఇరుగుపొరుగు చేరి ఒకరి పొలం ఒకరు కోసిపెట్టడాన్ని ఐరిష్‌లో అలా అంటారని కిందే రాసుంది. చేరిన ప్రతి పిల్లకూ తనలాంటి సీనియర్ ఒకరిని తోడు ఇస్తారు. వారానికోసారి కలిసి భోజనం, వేసవిలో మంచి ల్యాబ్‌లో పని. సీట్లు ఇరవయ్యే. "అది చదువు రానివాళ్ళకి మామ్, నాకెందుకు?" అని నిఖిల కొట్టిపారేసింది. నువ్వు వద్దంటే మానేస్తానా అనుకుంది తల్లి.

ఫారంలో పేరు నిఖిలది. ఫోన్ నంబరూ మెయిలూ మాత్రం మార్తావి. బడి నుంచి పాస్‌పోర్టు దాకా అన్నిటికీ అలాగే ఇచ్చింది. పిల్లలు మెయిళ్ళు చూస్తారా ఎక్కడైనా! అంతవరకూ సాఫీగా నడిచింది. చివర్లో పెద్ద ఖాళీ పెట్టి, 'నీకు ఇక్కడ ఏది కష్టంగా ఉంది? నీ మాటల్లో చెప్పు' అన్నారు. నిఖిల మాటలు ఆమె దగ్గర ఎక్కడివి? ఉన్నదొక్కటే మాట, గ్రాండ్. దాంతో పేజీ నిండదు. గడియారం చూస్తే పదకొండున్నర. ఇక తనకు తెలిసిన కష్టమే మొదలుపెట్టింది. రాస్తూ రాస్తూ కూతుర్ని మర్చిపోయింది. పన్నెండుకు మూడు నిమిషాలుండగా, రాసింది ఒక్కసారి చదువుకోకుండానే పంపేసింది.

సాయంత్రం నాలుగింటికి ఫోన్ మోగింది.

"హాయ్ నిఖిలా! నేను టెమిని. నీకు మెహల్‌లో సీటొచ్చింది, నీ మెంటర్ని నేనే. కొంచెం మాట్లాడుకుందామా?"

నేను వాళ్ళమ్మనని చెప్పెయ్యొచ్చు. కానీ ఫారం పైన లావు అక్షరాలతో 'విద్యార్థి స్వయంగా నింపాలి' అని ఉంది కదా! సీటు పోతుందేమోనని మార్తాకు భయం. గొంతు సన్నం చేసి "ఎస్" అంది.

"ఈ వారం ఎలా గడిచింది?"

ప్రభువా, అబద్ధం ఆడింది చాలు, ఇకనుంచి నిజమే చెబుతాననుకుంది మార్తా. అక్కడే కొంప మునిగింది.

"రోజంతా నిలబడే పని కదమ్మా, మోకాళ్ళు పోతున్నాయి."

"అయ్యో! నీకు ఇరవయ్యేళ్ళే కదా?"

"ఆ... ఎస్. బీపీ మాత్ర కూడా వేసుకుంటున్నా."

టెమి ఎంతో మెత్తగా అడిగింది. "ల్యాబ్‌లో కూర్చోడానికి కుర్చీ అడగనా నీ కోసం? హెల్త్ సెంటర్లో డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకోనా? బుధవారం భోజనానికి వస్తావుగా? ఏం భయపడకు, నేనున్నాను."

మార్తా అన్నిటికీ ఓకే అంది. ఆ చివరి మాటకు మాత్రం ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి. ఈ దేశం వచ్చిన కొత్తలో ఆ మాట అన్నవాళ్ళు ఎవరూ లేరు.

వంటింట్లోంచి భర్త అబ్రహాము తొంగిచూశాడు. "ఏంటి మార్తా, గొంతు అట్లా పోయింది? ఎవరికి మోకాళ్ళు?"

"నిఖిలకేనండీ," అనేసింది కంగారులో.

అబ్రహాముకు కూతురంటే ప్రాణం. పది నిమిషాల్లో చర్చి వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. రాత్రికల్లా లాజరస్ పాస్టరుగారు ఆ మోకాలి కోసం శనివారం నుంచి మూడు రోజుల ఉపవాస ప్రార్థన ప్రకటించారు. ఆ వారాంతం నిఖిల, పరీక్షలున్నాయని ఇంటికి రాలేదు కాబట్టి సోమవారం దాకా బండారం బయటపడలేదు.

సోమవారం ల్యాబ్‌లోకి అడుగుపెట్టేసరికి నిఖిల బల్ల దగ్గర మెత్తటి దిండు వేసిన ఎత్తు కుర్చీ ఉంది. చెప్పిన మూడో రోజుకల్లా, అదీ మధ్యలో శని ఆదివారాలు పోను! అడిగిన మాట రాసుకోవడం, రాసుకున్న మాట చేసిపెట్టడం, ఇలాంటి ఆఫీసు ఉంటుందని చెబితే మార్తా చుట్టాల్లో ఎవరూ నమ్మరు. రెండేళ్ళుగా తలెత్తి చూడని పక్క బల్ల పిల్లలు చుట్టూ చేరారు. "కాలికేమైంది? దెబ్బ తగిలిందా? బరువులు మేం మోస్తాంలే, నువ్వు కూర్చో." ఏమీ కాలేదని వాళ్ళకు నచ్చజెప్పడానికి ఆ పిల్ల రెండేళ్ళలో మాట్లాడనంత మాట్లాడాల్సి వచ్చింది. బయటికొస్తే హెల్త్ సెంటర్ నుంచి ఒక అమ్మాయి, బీపీ చూస్తాం రమ్మని. ఇంతలో అత్లోన్ నుంచి చర్చి గ్రూపులోని కోటేశ్వరి ఆంటీ ఫోన్. "మోకాలికి ఆవనూనె రాశావా అమ్మా?"

నిఖిల తల్లికి ఫోన్ చేసింది. "మామ్, నా మోకాలికి ఏమైంది?"

మార్తా దాచలేక మొత్తం కక్కేసింది. అవతల నిఖిల కోపంతో ఊగిపోయింది. "బుధవారం నేనే వెళ్ళి పేరు కొట్టేయిస్తా," అని పెట్టేసింది.

"గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చావు కదే!" అన్నాడు అబ్రహాము. ఉపవాసం మూడో రోజు, ఆయనకు అరిచే ఓపిక కూడా లేదు.

బుధవారం పొద్దున మార్తా పెద్ద గిన్నెడు చికెన్ బిర్యానీ వండి, తువ్వాలుతో మూట కట్టి, డబ్లిన్ రైలెక్కింది. కాళ్ళు పట్టుకునైనా సరే, తప్పు తనదేననీ, పిల్ల సీటు తియ్యొద్దనీ చెప్పాలి. మెహల్ గది గోడంతా ఫోటోలు. పాత విద్యార్థులు, రకరకాల రంగుల ముఖాలు, ఒక్కొక్కరి కింద ఇప్పుడేం చేస్తున్నారో రాసుంది. డాక్టర్లు, లాయర్లు, ఒక టీచరమ్మ. చూస్తూ చూస్తూ ఆమె వచ్చిన పనే మర్చిపోయింది.

"ఆ మూట నాకివ్వండి ఆంటీ, బరువుగా ఉంటుంది," అంది ఒక పొడుగాటి అమ్మాయి.

"థాంక్స్ అమ్మా," అంది మార్తా.

ఆ అమ్మాయి అక్కడే ఆగిపోయింది. "ఈ గొంతు నాకు తెలుసు. మీరు నిఖిలా?"

"నిఖిలను నేను," అంది గుమ్మంలోంచి ఇంకో గొంతు.

ఆ తర్వాత పావుగంట ఎవరేమన్నారో చెప్పడం కష్టం. నిఖిల ఇంగ్లీషులో కేకలేసింది, మార్తా తెలుగులో ఏడ్చింది, టెమి ఇద్దరికీ టీ ఇచ్చింది. చివరికి ఆఫీసు నడిపే షివాన్ మేడమ్ ఫైల్లోంచి కాగితం తీసింది. "ఇది రాసిందెవరు?"

"నేనే మేడమ్."

"మరైతే దీన్ని చూసి నిఖిలకు సీటివ్వడం కుదరదు. ఇది ఆమె కథ కాదు కదా."

చేతులారా కూతురి అవకాశం పోగొట్టానని మార్తా తల కొట్టుకుంది. నిఖిల ఆ కాగితం అందుకుంది, చూసి చింపెయ్యాలనే. చదవడం మొదలుపెట్టి ఆగిపోయింది.

'మొదటి ఎనిమిది నెలలు నేను దుప్పట్లు పెట్టే గదిలో తిన్నాను. నా మాట అర్థం కాదేమోనని నోరు తెరిచేదాన్ని కాదు. ఇంట్లో అడిగితే బాగుందని చెప్పాను. ఒకరోజు ఫిలిప్పీన్స్ ఆవిడ తన ప్లేటు తెచ్చుకుని ఆ గదిలోనే నా పక్కన కూర్చుంది. ఏమీ అడగలేదు. మర్నాటి నుంచి ఇద్దరం బయట తిన్నాం. కొత్తగా ఎవరొచ్చినా ఇప్పుడు నేను వెళ్ళి పక్కన కూర్చుంటాను. నాకు నర్సు చదవాలని ఉండేది.'

"ఎనిమిది నెలలా?" అంది నిఖిల, ఈసారి తెలుగులో. "నాకు ఎందుకు చెప్పలేదు మమ్మీ?"

"నువ్వు నాకు చెబుతున్నావా ఏంటి?"

నిఖిల తల్లిని గట్టిగా పట్టుకుని ఏడ్చేసింది. కాసేపటికి ముక్కు తుడుచుకుని షివాన్ వైపు తిరిగింది. "ఖాళీ ఫారం ఉందా?"

"గడువు అయిపోయింది," అంది షివాన్. "కానీ మీ పేరు మీద ఒక దరఖాస్తు గడువులోపలే వచ్చింది కదా. అందులో తప్పులున్నాయి. తప్పులు దిద్దుకోవడానికి మేం ఎప్పుడూ అభ్యంతరం చెప్పం. మూలన ఆ బల్ల మీద కూర్చుని దిద్దుకోండి."

నలభై నిమిషాలు నిఖిల తలెత్తలేదు. ఈలోగా బిర్యానీ గిన్నె ఖాళీ అయింది, అడుగున మాడిన మెతుకులతో సహా. షివాన్ రెండు పేజీలూ చదివి, నిఖిల చెయ్యి పట్టుకుని టెమి చేతిలో పెట్టింది. తర్వాత సొరుగులోంచి ఇంకో ఫారం తీసి మార్తా ముందు పెట్టింది. వయసు మీరాక చదువుకునేవాళ్ళకు నర్సింగ్ డిగ్రీ.

"నాకు నలభై ఆరు మేడమ్!"

"ఈ ఏడాది క్లాసులో యాభై రెండేళ్ళావిడ ఉంది. మీ అనుభవం ఆమెకు కూడా లేదు."

అబ్రహాము విని, "అమ్మాకూతుళ్ళు ఒకే కాలేజీనా, నా వంటెవరు చేస్తారు?" అన్నాడు. ఆ నెలలోనే పప్పు చెయ్యడం నేర్చుకున్నాడు.

మరుసటి సెప్టెంబరులో నర్సింగ్ క్లాసు మొదటి రోజు, మధ్యాహ్నం ఒంటిగంట కొట్టేసరికి మార్తా ప్లేటు పట్టుకుని క్యాంటీన్లో కూతుర్ని వెతికింది. పాపం, పిల్ల ఒక్కతే ఉంటుందేమో, పక్కన కూర్చుందామని. కిటికీ దగ్గర పెద్ద బల్ల చుట్టూ ఎనిమిది మంది, ఎనిమిది కుర్చీలూ నిండి ఉన్నాయి, మధ్యలో నిఖిల చేతులూపుతూ ఏదో చెబుతుంటే అందరూ పడీ పడీ నవ్వుతున్నారు. మార్తా అలాగే చూస్తూ నిలబడిపోయింది.

"మమ్మీ, ప్లీజ్," అంది నిఖిల విసుగ్గా, "నీ క్లాసు వాళ్ళతో కూర్చోవచ్చుగా!"