అవ్వ నిద్రించెను

ఆ రోజుకు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. మిషను బ్రదర్లిద్దరూ కలిసి వెళ్ళి టికెట్టవ్వకు ప్రార్థన చదివి వినిపించాలి, వచ్చేటప్పుడు రొట్టె, సబ్బు కొనుక్కోవాలి, అంతే. కానీ తెల్లవారేసరికి పెద్ద బ్రదర్ దవడ బూరెలా ఉబ్బి కూర్చుంది. పంటిపోటుతో నోరు తెరవలేక, నువ్వొక్కడివే వెళ్ళిరమ్మని మంచం మీద నుంచే చేత్తో సైగ చేశాడు. చిన్న బ్రదర్ గుండె గుభేలుమంది.

భయానికి కారణం లేకపోలేదు. మతప్రచారానికని దేశంకాని దేశం వచ్చాడే గానీ, అక్కడి భాష అతనికి ఒక్క పుస్తకంలోంచే వచ్చింది. అది తాతలనాటి ప్రార్థనల పుస్తకం. అందులోని మాటలన్నీ కంఠతా వచ్చు, వీధిలోని మాట ఒక్కటీ రాదు. మన దగ్గర ఎవరైనా కిరాణా కొట్టుకెళ్ళి "ఓ వర్తకుడా, నాకు లవణము ననుగ్రహింపుము" అంటే ఎలా ఉంటుందో, అక్కడ అతను నోరు విప్పితే అలాగే ఉండేది. రొట్టెల కొట్టాయన అయితే, కుర్రాడు తనను ఎగతాళి చేస్తున్నాడనుకుని మిషను పెద్దాయనతో చెప్పుకున్నాడు. పెద్దాయన పిలిపించి, గొంతు కూడా పెంచకుండా, ఆ వీధి నుంచి ఇంకొక్క ఫిర్యాదు వస్తే విమానం ఎక్కించేస్తానన్నాడు.

దండలు వేసి సాగనంపిన సంఘం ముందు, కనిపించిన ప్రతివాళ్ళకూ చెప్పుకుని మురిసిపోయిన అమ్మ ముందు, తిరిగి వెళ్ళి ఏ మొహం పెట్టుకుని నిలబడాలి? అందుకే ఆ నాటి నుంచి వీధిలో మాట్లాడే పనంతా పెద్ద బ్రదర్ నోటికే వదిలేశాడు. ఇప్పుడు ఆ నోరు కాస్తా మూతపడింది.

టికెట్టవ్వ బస్సుల్లో టికెట్లు కొట్టి రిటైరైన మనిషి. మూడో అంతస్తులో ఒక్కతే ఉంటుంది. రాత్రిళ్ళు ఎంత దొర్లినా నిద్ర పట్టదు, కోపం మాత్రం ఇట్టే వచ్చేస్తుంది. చిన్న బ్రదర్ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తలుపు తట్టాడు. ఆవిడ అతన్నీ, అతని వెనక ఖాళీగా ఉన్న మెట్లనూ మార్చి మార్చి చూసి, సరే చదవమన్నట్టు సోఫాలో నడుం వాల్చింది. అతను స్టూలు మీద కూర్చుని, ఎక్కడా తప్పు దొర్లకూడదన్న భయంతో ఒకే స్వరంలో, ఒకే వేగంతో చదువుకుంటూ పోయాడు. రెండో పేజీ తిప్పేసరికి అవ్వ కళ్ళు మూతలు పడ్డాయి. లైటు ఆర్పేసి, తలుపు లాగి పొమ్మని గొణిగి అటు తిరిగి పడుకుంది. ఆవిడ ఊపిన చెయ్యిని బట్టి అతనికి సంగతి అర్థమైంది. లైటు ఆర్పాడు. తలుపు లాగాడు. అది దానంతటదే గడియ పడే రకం తలుపు.

ఒక గండం గడిచిందనుకుంటూ మెట్లు దిగుతుంటే, కింది అంతస్తులో గుమ్మం దగ్గరే కుట్టుమిషను వేసుకుని పని చేసుకుంటున్న దర్జీ ఆవిడ తలెత్తి, "అవ్వ ఎలా ఉంది బాబూ?" అనడిగింది.

పడుకుందంటే సరిపోయేది. కానీ ఆ మాట పుస్తకంలో లేదు. పుస్తకంలో ఉన్న మాటను వెతికి పట్టుకుని, చిన్న బ్రదర్ ఎంతో మర్యాదగా తల వంచి చెప్పాడు.

"అవ్వ నిద్రించెను."

మన చర్చి సంఘాల్లో కూడా సంతాప పత్రాల మీద ఫోటో కింద అచ్చేసే నిద్ర ఒకటుంది కదా, ఆ పుస్తకంలోది ఆ ఆఖరి నిద్ర. తీరిగ్గా ఆలోచిస్తే అతనికీ తట్టేదే. కానీ భయంలో ఉన్నవాడికి తీరికెక్కడిది? దర్జీ ఆవిడ చేతిలోని కత్తెర కింద పడింది. ఆవిడ కుడుతున్న గుడ్డనే నోటికి అడ్డం పెట్టుకుని బావురుమంది. ఆ ఏడుపుకి ఎదురింటి తలుపు తెరుచుకుంది, ఆ తరువాత పై తలుపు, కింది తలుపు. చూస్తుండగానే మెట్లన్నీ జనంతో నిండిపోయాయి.

ఏదో కూడని మాట అనేశానని చిన్న బ్రదర్‌కు తెలిసిపోయింది, ఇక ఫిర్యాదు ఖాయం. ఎలాగైనా సర్దిచెప్పాలని, "దుఃఖింపకుడి, ఆమె సుఖముగానున్నది" అన్నాడు. ఏడుపులు రెట్టింపయ్యాయి. "కొంత తడవునకు లేచును" అన్నాడు. టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన టోపీ తీసేసి, ఇంత చిన్న వయసులో ఎంత విశ్వాసమో అంటూ అతన్ని కౌగిలించుకున్నాడు. అతను దిద్దుకోవడానికి పలికిన ప్రతి మాటా వాళ్ళకు ఓదార్పు ప్రసంగంలా వినిపిస్తోంది. వచ్చిన ఇన్నాళ్ళలో అతని ప్రసంగాన్ని ఇంతమంది వినడం అదే మొదలు.

ఇంతలో ఎవరో కబురు చేస్తే అవ్వ మేనల్లుడు పరిగెత్తుకొచ్చాడు. కరెంటు పని చేసే మనిషి, భుజాన పనిముట్ల సంచి అలాగే ఉంది. దగ్గరున్నది ఎవరని అడిగితే అందరూ చిన్న బ్రదర్‌ను చూపించారు.

"మా అత్త ఆఖరున ఏమంది?"

ఆఖరు అన్న మాట అతనికి తెలుసు. తన పుస్తకం భాషలో నిజమే చెప్పాడు.

"దీపము నార్పుమనెను. పిమ్మట ద్వారము మూయుమనెను."

బస్సులో చిల్లర దగ్గర గొడవ పడడం తప్ప అవ్వ ఇంత లోతైన మాట అనగా ఎవరూ వినలేదు. దర్జీ ఆవిడ ఆ మాటనే మళ్ళీ మళ్ళీ అనుకుంటూ కళ్ళు తుడుచుకుంది. మేనల్లుడు మెట్టు మీద కూలబడి, నెలల తరబడి అత్త మొహం కూడా చూడలేదని తలబాదుకున్నాడు. కాసేపటికి తేరుకుని ఎవరికో ఫోను చేశాడు. మాట్లాడుతూ గోడ మీద జానతో పొడవు కొలిచి చెప్పాడు. మంచి చెక్క పెట్టె కావాలన్నాడు.

పెట్టె అన్న మాట పుస్తకంలో ఉంది. అది ఏ పేజీలో ఉందో గుర్తుకు రాగానే చిన్న బ్రదర్ పైప్రాణాలు పైనే పోయాయి. తను బతికున్న మనిషిని చంపేశాడు. అంతకన్నా ఘోరం, మేనల్లుడు సంచిలోంచి సుత్తీ స్క్రూడ్రైవరూ తీసి తలుపు వైపు నడుస్తున్నాడు. ఈ గుంపంతా ఏడుస్తూ ఒక్కసారిగా లోపలికి పడితే, ఉలిక్కిపడి లేచిన ఆ ముసలి గుండె ఆగిపోదూ? అప్పుడు ఎక్కించేది విమానం కాదు, పోలీసు బండి.

పరిగెత్తి తలుపుకు అడ్డంగా చేతులు చాచి నిలబడ్డాడు. "ప్రవేశింపకుడి. ఆమెను లేపకుడి" అంటూ ప్రాధేయపడ్డాడు.

"నీ భక్తి నాకర్థమవుతోంది తమ్ముడూ. ఇక తప్పుకో" అన్నాడు మేనల్లుడు.

పుస్తకం అయిపోయింది. ఇక చెప్పడానికి మాట లేదు. చిన్న బ్రదర్ రెండు అరచేతులూ చెంప కింద పెట్టుకుని, కళ్ళు మూసి, గురక పెట్టి చూపించాడు. సరిగ్గా చూపించాలన్న తాపత్రయంలో చివర ఈల కూడా వేశాడు.

జనం నిర్ఘాంతపోయారు. పోయే ప్రాణం చేసే చప్పుడును వెక్కిరిస్తున్నాడనుకున్నాడు మేనల్లుడు. కాలరు పట్టుకుని గోడకు అదిమి, చెయ్యెత్తాడు. సరిగ్గా అప్పుడు తలుపు అవతల నుంచి, ఈలతో సహా, నిక్షేపంలాంటి గురక వినిపించింది.

ఆ తరువాత మెట్లు ఎవరు ఎలా దిగారో ఎవరికీ గుర్తులేదు. అందరికన్నా ముందు దిగింది దర్జీ ఆవిడే. మేనల్లుడు కాలరు మాత్రం వదల్లేదు. కాకపోతే ఇప్పుడు పట్టుకున్నది కొట్టడానికి కాదు, భయానికి. ఇద్దరూ ఒకరినొకరు కరుచుకుని నిలబడి ఉండగా తలుపు తెరుచుకుంది. దుప్పటి కప్పుకుని టికెట్టవ్వ నిలబడింది.

"ఇన్నేళ్ళకి హాయిగా కన్ను మూస్తే, ఏంట్రా ఈ గోల?" అంది. తరువాత ఆవిడ చూపు మేనల్లుడి మీద పడింది. "నువ్వెందుకొచ్చావు? ఎవరు పోయారు?"

కింద ఆగిపోయిన జనం ఒక్కొక్కరే తలలు తిప్పి చిన్న బ్రదర్ వైపు చూశారు.

రొట్టె, సబ్బు కొనకుండానే ఇంటికొచ్చి పెట్టె సర్దుకున్నాడు. సంగతంతా విన్న పెద్ద బ్రదర్‌కు నవ్వితే దవడ నొప్పి, ఆపుకుంటే కడుపు నొప్పి. చిన్న బ్రదర్‌కు మాత్రం కన్నీళ్ళు ఆగలేదు. అమ్మకు ఏం చెప్పాలో తెలియక ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఎవరో తలుపు బాదారు. కిటికీ లోంచి చూస్తే దర్జీ ఆవిడ, టోపీ ముసలాయన, మేనల్లుడు, వాళ్ళ వెనక ఇంకా చాలామంది ఉన్నారు. అందరికన్నా వెనక రొట్టెల కొట్టాయన. చిన్న బ్రదర్ సర్దిన పెట్టె పట్టుకునే తలుపు తీశాడు.

దర్జీ ఆవిడ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"అవ్వ మళ్ళీ పడుకుని ఇందాకే లేచింది బాబూ. నాకూ రాత్రిళ్ళు నిద్రుండదు. ఆ పుస్తకం మా ఇంట్లో కూడా చదవ్వా?"

"అదే గొంతుతో" అన్నాడు వెనక నుంచి రొట్టెల కొట్టాయన.

చిన్న బ్రదర్‌ను అక్కడే ఉంచాలని వీధంతా కలిసి అడిగేసరికి, మిషను పెద్దాయన సంతోషం పట్టలేక అందరి ముందూ అతన్ని మెచ్చుకున్నాడు. ఇప్పుడు అతన్ని పిలవని ఇల్లు ఆ వీధిలో లేదు. ఇంతమందికి చదివినా, ప్రార్థన చివర ఆమెన్ అన్నవాళ్ళు మాత్రం ఇంతవరకు ఒక్కరూ లేరు.