మంగళం తర్వాత కచేరీ

ఆ ఆదివారం పొద్దున యర్రయ్య వేసుకున్న పథకం చాలా సాదాసీదాది. మధ్యాహ్నం లమ్మడా పేటలో మా సండా అనే బర్మా ఆవిడ టీకొట్టు మేడమీద అరడజను కీర్తనలు పాడడం, మంగళం పాడి లేవడం, చీకటి పడకముందే మింగళ తౌంగ్‌న్యున్‌లో ఇల్లు చేరుకోవడం.

పప్పుల టోకు కొట్టులో గుమస్తా యర్రయ్య ఇన్నేళ్ళూ గుడి భజనల్లో పదిమందితో కలిసి గొంతు చించుకున్నవాడే తప్ప, అతని గొంతు విడిగా విన్న పాపాన ఎవరూ పోలేదు. హార్మోనియం ముందు పెట్టుకుని తానొక్కడే పాడాలని ఒకటే కోరిక. కొట్టు యజమానురాలు మా సండా ఒక షరతు మీద ఒప్పుకుంది. చివరిదాకా జనం కూర్చుంటే ప్రతి ఆదివారమూ అతనిదే. మధ్యలో లేచిపోతే ఇదే మొదలు, ఇదే ఆఖరు.

"మనోళ్ళయితే మొగమాటానికైనా కూకుంటారు. ఆళ్ళు బర్మావోళ్ళు. నీ తెలుగు ఆళ్ళకేటి తెలుస్తాది?" అంది భార్య చిన్నతల్లి, భజన తాళాలు సంచిలో వేసుకుంటూ.

"సంగీతానికి బాసేటే?" అన్నాడు యర్రయ్య.

మేడమీద పొట్టి స్టూళ్ళ మీద ఓ పాతికమంది కూర్చున్నారు. చిన్నతల్లి పక్కన కూర్చుని తాళం వేస్తుంటే కీర్తన మీద కీర్తన అయిపోతోంది. చప్పట్లు లేవు, తల ఊపడం లేదు. బ్యాంకులో వంతు కోసం కూర్చున్నట్టే ఉన్నాయి ముఖాలు. యర్రయ్యకు గుండె జారిపోయింది. అయినా ఎవరూ లేవలేదు కదా, బతికి బట్టకట్టాననుకుని కళ్ళు మూసి, చేతులు జోడించి మంగళం ఎత్తుకున్నాడు.

మంగళం మొదలైతే మనవాళ్ళేం చేస్తారు? రెండో చరణానికల్లా సగంమంది చెప్పులు వెతుక్కుంటారు. ఇక్కడ మాత్రం అందరూ టీకప్పులు కింద పెట్టి, నిటారుగా కూర్చుని, తామూ చేతులు జోడించారు. ముందు వరసలోని ముసలాయన ఊ ట్విన్ స్టూలు దిగి, కాళ్ళు వెనక్కి మడిచి నేలమీదే కూర్చున్నాడు. పాట అయిపోయింది. జోడించిన చేతులు జోడించినట్టే ఉన్నాయి.

"ఏటే, ఇంకా పాడమంటన్నారా?" అని గుసగుసలాడాడు యర్రయ్య.

"దండం ఎట్టి మరీ అడుగుతుంటే కాదంటావేటి? పాడు."

యర్రయ్య ఉబ్బితబ్బిబ్బయ్యాడు. ఇంకో రెండు పాడి మళ్ళీ మంగళం ఎత్తుకున్నాడు. మళ్ళీ చేతులు జోడించారు. కీర్తనలు అయిపోతే పెళ్ళిపాటల్లోకి దిగాడు, తర్వాత తల్లి పాడిన జోలపాట, అదీ అయ్యాక రేవులో తాత బియ్యం మూటలెత్తుతూ పాడిన పాట. భుజం ఎగరేస్తూ "హైసా" అని పాడుతుంటే దానికీ భక్తిగా తలలు వంచారు. ఖాళీ కప్పు ముందు కూర్చోవడం బాగుండదని కాబోలు, ఎవరికి వాళ్ళు సైగలతో టీలు, సమోసాలు తెప్పించుకుంటూనే ఉన్నారు.

ఇంతలో కరెంటు పోయింది. ముగించడానికి ఇదే అదను అనుకుని యర్రయ్య గబగబా మంగళం అందుకున్నాడు. ఒక్కొక్కరే ఫోన్లలో లైట్లు వెలిగించి అతనివైపు తిప్పి పెట్టారు.

"అయిపోనాది. హారతి కూడా ఇచ్చీసినారు. ఇంక నిన్ను దిగనివ్వరు," అంది చిన్నతల్లి.

అప్పటికే యర్రయ్య గొంతు తిరగలిలా గరగరమంటోంది. ఏం పాడాలో తెలీక జోలపాటే తిరిగి మొదలెట్టాడు. అప్పుడు ఊ ట్విన్ వంగి వంగి చిన్నతల్లి దగ్గరికొచ్చి బర్మాభాషలో మెల్లగా అడిగాడు.

"ఏమీ అనుకోకమ్మా. అయ్యగారి ప్రార్థన ఎప్పటికి పూర్తవుతుంది? మధ్యలో లేవడం అపచారమని కూర్చున్నాం. నాకు లైంగ్‌థార్యార్ బస్సు దాటిపోయేలా ఉంది."

చిన్నతల్లి తాళాలు సంచిలో వేసుకుని లేచింది. అంతే, మేడంతా లేచింది. వంగి నమస్కరిస్తూ, చప్పుడు లేకుండా అందరూ మెట్లు దిగిపోయారు.

"నువ్వు దండం ఎట్టినప్పుడల్లా కొత్త పూజ మొదలెట్టినావనుకున్నార్ట," అని భర్తకు చెప్పింది.

యర్రయ్యకు ఏడుపొక్కటే తక్కువ. వీళ్ళు తన పాటకు కూర్చోలేదు, పాపభయానికి కూర్చున్నారు. హార్మోనియం చంకన పెట్టుకుని తలొంచుకుని కిందికి దిగాడు. సమోసాల అద్దాలపెట్టె ఖాళీగా ఉంది. మా సండా అతన్ని చూసి, టోకు కొట్టులో ఎవరూ ఏనాడూ తగిలించని "ఊ" అనే గౌరవం అతని పేరు ముందు తగిలించింది.

"ఊ యర్రయ్యా, వచ్చే ఆదివారం కూడా రండి. ఒక్కరూ లేవలేదు. షరతంటే షరతే."

యర్రయ్య అబద్ధాల మనిషి కాడు. "వాళ్ళు ప్రార్థన అనుకుని కూర్చున్నారమ్మా," అన్నాడు.

"నేనూ అలాగే అనుకున్నా. కానీ ఊ ట్విన్ వెళ్తూ వెళ్తూ, ఆ భుజం ఎగరేసే ప్రార్థన వచ్చే వారం కూడా ఉంటుందా అని అడిగాడు. ఆయన ఇక్కడ నోరు తెరిచి ఒకటి కావాలనడం నేనెప్పుడూ వినలేదు."

యర్రయ్య కళ్ళు తడిశాయి.

"ఒక్క మాట," అంది మా సండా. "చేతులు జోడించి పాడారే, ఆ పాట ముందు పాడెయ్యండి."

అప్పట్నుంచి ఆ మేడమీద కచేరీ మంగళంతో మొదలై, చిన్నతల్లి సంచి సర్దడంతో ముగుస్తోంది.