పట్టా – పట్టకారు

ఆదివారం పొద్దున ఫోనులో అత్తగారు "పంపు కారుతోంది" అంటే, పెద్దల్లుడి చెవికి "పంపు కారు" అని చేరింది. "పంపండి" అనలేదేమని నొచ్చుకుంటూనే ఆయన కారు తాళాలు అందుకున్నాడు.

"కారు కాదు బాబూ, వంటింట్లో కుళాయి! అయ్యో, మీకు కలిసిందా? చిన్నబ్బాయికి చేశాననుకున్నాను," అంది ఆవిడ.

చిన్నబ్బాయంటే చిన్నల్లుడు. శిక్షణ కేంద్రంలో పని నేర్చుకుని ప్లంబరయ్యాడు. పెద్దల్లుడు ప్రాచీన జలాశయాల మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్న లెక్చరరు. ఆయన రాసిన గ్రంథాన్ని అత్తగారు తెరిచిన పాపాన పోలేదు. చిన్నల్లుడు బిగించిన షవరును మాత్రం వచ్చిన ప్రతి చుట్టానికీ తిప్పి మరీ చూపించింది. అప్పటినుంచీ ఆయనకు కడుపుమంట. ఏ జలాశయమూ ఆర్పలేని మంట.

"దానికి వాడెందుకండీ? నేనొస్తున్నాగా!" అన్నాడు. పట్టా ఉన్నవాడికి పట్టకారొక లెక్కా!

వచ్చీ రాగానే వంటింట్లోకి దూరి గడియ పెట్టుకున్నాడు. కుళాయి తల పట్టుకుని తిప్పాడు. తల చేతికొచ్చింది. మొండెంలోంచి నీళ్ళు కప్పుదాకా లేచాయి. తువ్వాలు కుక్కితే తువ్వాలు కూడా లేచింది.

"అంతా బాగేనా బాబూ?" బయటినుంచి అత్తగారు.

"బ్రహ్మాండం!"

తలుపు కిందనుంచి ఆ బ్రహ్మాండం హాల్లోకి పారింది.

ఆయన గడియ తీసి మేడమీదికి పరుగెత్తి, కంటికి కనబడ్డ వాల్వు కట్టేశాడు. అది పైవాటా వాళ్ళది. తలనిండా సబ్బునురగతో పైవాటాయన కళ్ళు మూసుకునే మెట్లు దిగి, "ఎవడ్రా నా నీళ్ళు కట్టేసింది?" అంటూ దొరికిన భుజం పట్టుకున్నాడు. అది మామగారిది.

అత్తగారు ఈసారి సరైన అల్లుడికే ఫోను చేసింది. అతడొచ్చి, సింకు కింద చెయ్యి పెట్టి నీళ్ళాపి, పైవాటా వాల్వు తెరిచి వచ్చాడు.

"చూశారా, పనంటే అదీ!" అంది ఆవిడ.

పెద్దల్లుడు నీరుగారిపోయాడు. తలదించుకుంటే కాళ్ళ దగ్గర కుళాయి వాషరు కనిపించింది. పరిశోధకుడు కదా, కిటికీ వెలుగులో పెట్టి చూశాడు.

"తమ్ముడూ, ఇది అరిగింది కాదు. బ్లేడుతో కోసింది. పోయినవారం వేసింది నువ్వేగా?"

చిన్నల్లుడు నీళ్ళు నమిలాడు. ఆ పూట నమలడానికి ఇంట్లో నీళ్ళకు కొదవ లేదు.

"అవునన్నయ్యా. మీరు ఊరికే వచ్చినా అత్తయ్యగారు కుర్చీ వేస్తారు. 'మా డాక్టరల్లుడు' అని నా ముందే మురిసిపోతారు. నన్ను మాత్రం కుళాయి కారితేనే పిలుస్తారు. మరి కారొద్దూ?"

పెద్దల్లుడు తెల్లబోయాడు. "నన్ను... మెచ్చుకుంటారా? ఈవిడా?"

అందరూ అత్తగారివైపు తిరిగారు.

"నీ దగ్గర ఆయన్నీ, ఆయన దగ్గర నిన్నూ పొగిడితే, పంతం పట్టి ఇద్దరూ పైకొస్తారనుకున్నానయ్యా!"

"వచ్చాయి, నీళ్ళు," అన్నారు మామగారు, భుజమ్మీది నురగ తుడుచుకుంటూ.

ఇక మిగిలింది ఇల్లు తుడవడం. దానికి డాక్టరేటూ అక్కర్లేదు, శిక్షణా అక్కర్లేదు. అందుకే కాబోలు, అల్లుళ్ళిద్దరూ తమకు అర్హత లేదన్నారు.