వెంటనే విభాగం, తర్వాత విభాగం

లోకంలో ప్రతి పనికీ ఒక సరైన సమయం ఉంటుంది. అది ఎప్పుడన్నది మాత్రం ఆ పని కావలసిన మనిషికి తెలియదు. అందుకే ఆ పెద్దాసుపత్రిలో సమయ నిర్ణాయక కమిటీ వెలసింది.

ఈత నేర్పే టీచరమ్మకు క్యాన్సరని, ఒక రొమ్ము తీసెయ్యాలని చెప్పారు. ఆవిడ కాసేపు ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, తీసిన రోజే కొత్తది చేసిపెట్టమంది. రోజంతా ఈత దుస్తుల్లో నలుగురి ముందూ నిలబడే ఉద్యోగం. మత్తు దిగి లేచేసరికి అక్కడ చదునుగా ఉంటే చూసుకోవడం తన వల్ల కాదని తెగేసి చెప్పింది.

వైద్యపరంగా అభ్యంతరం లేదన్నాడు డాక్టరు. (ఆసుపత్రుల్లో వైద్యానిది చిన్న పాత్ర.) ఇలాంటి వాళ్ళ కోసమే "వెంటనే విభాగం" ఉంది. అక్కడ ఏడాది వెయిటింగ్. క్యాన్సర్‌కి అంత ఓపిక లేదాయె. పక్కనే "తర్వాత విభాగం" ఈగలు తోలుకుంటోంది గానీ, అందులో చేరాలంటే ముందు కొన్నాళ్ళు రొమ్ము లేకుండా బతికి చూపించాలి.

"ఏడాదికి చేసేది వెంటనే ఎలా అవుతుందండీ?" అంది ఆవిడ.

"అది విభాగం పేరమ్మా," అన్నాడు గుమస్తా, ఎంతో మర్యాదగా.

తీసే విభాగం మాత్రం చెప్పిన రోజుకే తీసేసింది. (మన దగ్గర తీసుకునే చోట ఏ ఆఫీసూ ఆలస్యం చెయ్యదు.)

ప్రాణం దక్కింది, అదే పదివేలంది అత్తగారు. తనకేమీ తేడా లేదన్నాడు భర్త. ఆయన్ని ఎవరూ అడగలేదు. టీచరమ్మ ఈత దుస్తుల లోపల దూది కుక్కుకుని, కొలను గట్టునే నిలబడి ఈల ఊదుతూ పాఠాలు చెప్పింది. నీళ్ళలోకి దిగరేమని పిల్లలడిగితే జలుబంది. నెలల తరబడి అదే జలుబు. ఇంటికొచ్చి స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడ్చేది.

ఎట్టకేలకు, తర్వాత విభాగంలో చేర్చుకోవాలో వద్దో తేల్చడానికి కమిటీ పిలిచింది. పెద్దవాళ్ళ ముందు బేలగా కనబడొద్దని, నవ్వుతూ వెళ్ళమని వదిన మరీమరీ చెప్పి పంపింది. బాగున్నారా అని అడిగాడు అధ్యక్షుడు. ఆవిడ నవ్వి, బాగున్నానంది.

ఆయన తృప్తిగా తలాడించాడు. "చూశారా, లేకపోయినా ఎంత చక్కగా ఉన్నారో. ఇక మీకు అవసరం లేదమ్మా."

ఆవిడ బయటికొచ్చింది. వరసలో కూర్చున్న మరొకావిడ, లోపల ఏమడుగుతారని అడిగింది.

"బాగున్నారా అంటారు," అంది టీచరమ్మ. "పొరపాటున కూడా బాగున్నానని అనకండి."