ఏడు సీట్ల కారు, మూడో వరసలో మా ఆవిడ

భార్యాభర్తలు కారులో పక్కపక్కన కూర్చోవడం సంసారానికి మంచిది కాదండీ. పాతికేళ్ళు ఆ తప్పు చేసినవాణ్ణి, అనుభవంతో చెబుతున్నాను.

తప్పు నాది కాదు, బండిది. మా షెడ్డులో ఎర్రరంగు స్పోర్ట్స్ కారు ఒకటుంది. రెండే తలుపులు, రెండే సీట్లు, పైన గుడ్డ టాపు. రొయ్యలు విరగపండిన ఏడాది కైకలూరు ఆసామి ఒకాయన ముచ్చటపడి కొన్నాడు. మరుసటి ఏడు చెరువుకి వైరస్ తగిలింది, కారు నా చేతికొచ్చింది. ఎక్కితే పీట మీద కూర్చున్నట్టే ఉంటుంది. స్పీడు బ్రేకరు వస్తే మా ఆవిడ రత్నమాణిక్యం దిగి, బండి దాటాక మళ్ళీ ఎక్కేది. వానొస్తే లోపల గొడుగు వేసుకునేది. ఇదీ ఒక కారేనా?

అందుకే పోయిన దసరాకి ఏడు సీట్ల ఫ్యామిలీ కారు తీసుకున్నాం. షెడ్డులో రెండూ పట్టవు కాబట్టి ఎర్రదాన్ని అమ్మేద్దామని నిర్ణయించాను.

కొత్తదానికి ఎంత క్రమశిక్షణండీ! బెల్టు పెట్టకపోతే కూస్తుంది. గీత దాటితే కూస్తుంది. రెండు గంటలు నడిపితే కాఫీ కప్పు బొమ్మ చూపించి, అలసిపోయారు, ఆగండి అంటుంది. నా అలసట గురించి ఇంత బెంగ పెట్టుకున్నవాళ్ళు ఇంతకుముందు లేరు.

పైగా బంధుప్రీతి. ఏలూరు ఆసుపత్రికైనా, తాడేపల్లిగూడెంలో నిశ్చితార్థానికైనా ఇప్పుడు మా బండే. ముఖం తెలియని పెళ్ళికొడుకుని కూడా మండపం దగ్గర దించాను. నాకు డ్రైవర్ల పంక్తిలో భోజనం పెట్టారు. గారెలు వేడిగా ఉన్నాయి, అబద్ధమెందుకు.

ముందు సీటు పెద్దవాళ్ళది, అది మన మర్యాద. మా అక్కయ్య పుష్పమ్మకి మోకాళ్ళ నొప్పులు కాబట్టి ఆవిడ అక్కడ. మధ్యలో ఆవిడ కోడలు, మనవలు. మూడో వరసలో బియ్యం బస్తా, దాని పక్కన మా ఆవిడ. ఇన్ని నెలల్లో దారిలో మేమిద్దరం ఒక్కసారీ పోట్లాడుకోలేదు. మాట వినబడితే కదా?

మొన్న అక్కయ్య వాళ్ళని మండవల్లిలో దించడానికి బయల్దేరాం. కైకలూరు దగ్గరపడుతుంటే నా సెల్లు మోగింది. ఈ కారులో ఫోను చెవి దగ్గర పెట్టుకోనక్కర్లేదు, స్పీకర్లన్నిట్లో మైకు పెట్టినట్టు వినిపిస్తుంది. చేసింది వెనకనుంచి మా ఆవిడే, గుసగుసగా.

“ఏవండీ, వదినగారి వాళ్ళని దించేశాక మనిద్దరం అలా కొల్లేటి గట్టు మీద కాసేపు తిరిగొద్దామండీ, ఎర్ర బండిలో వెళ్ళినట్టు. మళ్ళీ ఎవర్నీ ఎక్కించుకోకండి, మీకు దణ్ణం పెడతాను.”

అక్కయ్య నిదానంగా బెల్టు విప్పింది. కారు కూసింది.

“మండవల్లి దాకా ఎందుకులేరా తమ్ముడూ, కైకలూర్లో దించెయ్. బస్సులుంటాయి.”

బతిమాలి ఇంటి దాకా దించాను. ఆ మొహమాటంలో, వచ్చేటప్పుడు ఆవిడ కోడలి తమ్ముణ్ణి ఏలూరుకి ఎక్కించుకున్నాను. మగపిల్లవాడు, పొడుగు, ముందు కూర్చున్నాడు. గట్టు మీదికి వెళ్ళలేదు.

ఆదివారం తాడేపల్లిగూడెం నుంచి నరసరాజుగారు ఎర్ర కారు బేరానికి వచ్చారు. షెడ్డు తలుపు తీసేసరికి మా ఆవిడ అందులో ఎడమ సీట్లో కూర్చుని ఉంది.

“దిగు మాణిక్యం, ఆయన బండి చూసుకోవాలి.”

“నేను అడ్డం కాదండీ,” అంది. తరవాత ఆయన వైపు తిరిగి ఎంతో మర్యాదగా, “అన్నయ్యగారూ, అమ్మేది ఇది కాదండీ, బయట తెల్లగా ఉంది చూడండి, అదీ. మీకు చుట్టాలు బాగానే ఉన్నారా అండీ?”

నరసరాజుగారు తెల్లదాని చుట్టూ ఒకసారి తిరిగి, మూడో వరసలోకి తొంగిచూసి, ఇంట్లో ఆవిణ్ణి అడిగి చెబుతానని వెళ్ళిపోయారు. ఇంకా ఫోను రాలేదు.

కాబట్టి నా మాట నమ్మండి, ఫ్యామిలీ కారంత మంచిది ఇంకోటి లేదు. మీరే తీసుకోండి.